పెట్టె మీద పేరు

2011లో అమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు పెరట్లో వంకాయ నారు నాటింది. ఎండ బాగా పడే చోటు వదిలేసి, "మిట్టమధ్యాహ్నం కాస్త నీడ తగలాలే" అంటూ పెరటి చివర ఉన్న పెద్ద చెట్టు దగ్గర నాటింది. వారం తిరిగేసరికి మొక్కలన్నీ వేడినీళ్ళు పోసినట్టు వాలిపోయాయి. మళ్ళీ తెచ్చి నాటింది. మళ్ళీ అంతే. టమాటాలదీ అదే గతి. మూడోసారి నడుం మీద చేతులు పెట్టుకుని ఆ చెట్టుని పైకీ కిందకీ చూసి, "ఇది పక్కవాళ్ళని బతకనిచ్చే రకం కాదు" అని తేల్చేసింది.

అమ్మ అన్నది నిజమేనని తర్వాత పక్కింటావిడ చెప్పింది. అది బ్లాక్ వాల్‌నట్. మనం కొనుక్కునే అక్రోటుకి దాయాది, ఈ నేల మీదే పుట్టిన చెట్టు. దాని వేళ్ళలో, ఆకుల్లో, కాయ తొక్కల్లో జుగ్లోన్ అనే పదార్థం ఉంటుంది. వంగకీ టమాటాకీ మిరపకీ అది సరిపడదు. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు "అత్తగారి చెట్టు". ఆ పేరు పెట్టింది అమ్మే. నేను నవ్వేసి ఊరుకున్నాను.

2020 జూన్‌లో ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఊళ్ళని ఒక గాలివాన చితక్కొట్టింది. ఇటువైపు ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మా అత్తగారి చెట్టు వేళ్ళతో సహా పెల్లగిలి పెరట్లో అడ్డంగా పడింది. ఇంటి మీద పడలేదు, అదే పదివేలు. చెట్లు కొట్టేవాడు వచ్చి, ముక్కలు చేసి పట్టుకుపోవడానికి ధర చెప్పాడు. కోసిన చోట చేవ కనబడింది. ముదురు చాక్లెట్ రంగు, చుట్టూ వెన్నలాంటి తెల్లటి అంచు. దాన్ని చూశాక పొమ్మనడానికి నాకు నోరు రాలేదు.

కలప మిల్లులకి ఫోన్ చేస్తే, ఇళ్ళ పెరళ్ళలో చెట్లు మేం తీసుకోం అన్నారు. బట్టల తీగ కోసమో, పిల్లల ఊయల కోసమో ఎవరో ఎప్పుడో కొట్టిన మేకులు మానులో కూరుకుపోయి ఉంటాయి, రంపం పళ్ళు పోతాయి. చివరికి ట్రక్కు వెనకాల రంపం యంత్రం కట్టుకుని ఇంటింటికీ తిరిగే ఒకాయన దొరికాడు. అనుకున్నట్టే మేకు తగిలింది. దాని చుట్టూ చెక్కలో సిరా ఒలికినట్టు నల్లటి మరక. ఇనుము తగిలితే ఈ కలపలోని టానిన్ అలా నల్లబడుతుందట. ఆ రంపం బ్లేడు ఖరీదు కూడా మేమే ఇచ్చుకున్నాం.

పచ్చి చెక్క ఆరాలి. అంగుళం మందానికి ఏడాది అని ఇక్కడివాళ్ళ లెక్క. చివర్లకి మైనం పూసి, పలకకీ పలకకీ మధ్య సన్న బద్దలు పెట్టి గరాజులో పేర్చాం. రెండేళ్ళు మావారి కారు మంచులో నిలబడింది. ఆ రెండేళ్ళలో ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను. ఎందుకంటే నా దగ్గర సమాధానం లేదు. ఆ చెక్కలతో ఏం చెయ్యాలో నాకే తెలీదు.

2022 వేసవిలో అమ్మ మళ్ళీ వచ్చింది. అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. మ్యూజియాలంటే ఆవిడకి విసుగు, "చచ్చినవాళ్ళ సామాన్లు" అంటుంది. అయినా తోట బాగుంటుందని డెలావేర్‌లో వింటర్‌టూర్‌కి తీసుకెళ్ళాను. హెన్రీ ఫ్రాన్సిస్ డ్యూపాంట్ అనే ఆయన అమెరికాలో చేసిన పాత సామాన్లన్నీ పోగేసి, తన నూట డెబ్భై అయిదు గదుల ఇంట్లో అమర్చుకుని, 1951లో జనానికి తెరిచాడు. ఆయన జీవితమంతా కుర్చీలు కొన్నాడు గానీ అందులో మనం కూర్చోవడానికి ఒక్కటీ లేదని అమ్మ గొణుగుడు.

ఒక పెట్టె దగ్గర గొణుగుడు ఆగిపోయింది.

పెన్సిల్వేనియా జర్మన్లు పద్దెనిమిదో శతాబ్దంలో చేసుకున్న పెట్టెల్లో ఒకటి అది. మన భోషాణంలో సగం ఉంటుంది. ముందు పలక మీద కమానుల్లాంటి గళ్ళు గీసి, వాటిల్లో పూలకుండీలు, తులిప్ పూలు, ఎదురెదురుగా నిలబడ్డ ఒంటికొమ్ము గుర్రాలు వేశారు.

"మన ముగ్గుల్లా ఉందే," అంది అమ్మ. "ఇక్కడ రాసిందేవిటి?"

"పేరమ్మా. ఆ పెట్టె ఎవరిదో ఆ పిల్ల పేరు. పక్కన సంవత్సరం. పెళ్ళికని పుట్టింటివాళ్ళు చేయించేవారట."

"దాని పేరా, మొగుడి పేరా?"

"దాని పేరే."

అమ్మ ఇంకా ముందుకి వంగింది. కాపలా అతను దగ్గాడు. "లోపల ఎడం పక్కన చిన్న అర ఉంటుందా, అడుగు" అంది. అడిగాను. ఉంటుంది అన్నాడు. అమ్మ తల పంకించి, "మా నాన్న కూడా నా పెట్టె మీద నా పేరు చెక్కించి ఉంటే బాగుండేది" అంది.

"నీకు పెట్టె ఎక్కడిది?" అన్నాను.

యాభై ఆరేళ్ళ కూతురు అమ్మని అడగాల్సిన ప్రశ్నేనా అది! బయట తోటలో బెంచీ మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

అమ్మ పెళ్ళి 1962లో. పదహారేళ్ళు. తాతయ్యది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. పెట్టె కోసం తాతయ్య రాజమండ్రి కలప డిపోకి తనే వెళ్ళి దుంగ ఎంచుకున్నాడట. పై అడవుల్లో కొట్టిన టేకుని తెప్పలు కట్టి గోదావరి మీద దింపే రోజులు. వడ్రంగి నెల్లాళ్ళు వాళ్ళ అరుగు మీదే పని చేశాడు. బాడిసతో చెక్కుతుంటే ఎగిరే పెచ్చులు, చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టలుగా వచ్చే పొరలు అమ్మకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. వాటిని పోగుచేసి పొయ్యిలో వెయ్యబోతే తాతయ్య ఆపి, "ఉంచమ్మా, నీ మంగళస్నానానికి నీళ్ళు కాచుకుందాం" అన్నాడట. ముందు పలక మీద మధ్యలో పద్మం, అటూ ఇటూ హంసలు. ఎడం పక్క మూత ఉన్న చిన్న అర. ఇత్తడి గొళ్ళెం, తాళం.

పెట్టెలో ఏమేం పెట్టారో అరవయ్యేళ్ళ తర్వాత కూడా వేళ్ళు మడుస్తూ చెప్పింది. వెండి కంచం ఒకటి. వెండి చెంబులు రెండు. కంచు గిన్నెలు నాలుగు. పట్టుచీరలు మూడు, నేతచీరలు ఆరు. కుంకుమ భరిణె. అమ్మమ్మ కుట్టిన బొంత. పసుపు పెట్టిన కాగితం మీద సామాను పట్టీ రాసి తాతయ్య వియ్యంకుడి చేతిలో పెట్టాడు. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"అత్తారింట్లో అడుగుపెట్టిన సాయంత్రమే మీ మామ్మ తాళంచెవి తీసుకుని రొంటిన దోపుకున్నారు. చిన్నపిల్ల, పారేసుకుంటుంది అని. అడిగితే ఇచ్చేవారే. ఎందుకూ అని అడిగి ఇచ్చేవారు."

1969లో మా మేనత్త పెళ్ళి కుదిరింది. ఆ ఏడు తుఫానుకి పంట పోయింది. "ముందు వెండి కంచం వెళ్ళింది. తర్వాత చెంబులు. ఆ తర్వాత ఓ రోజు నా చీరలన్నీ తీసి మంచం మీద పెట్టి ఉన్నాయి. పెరట్లోంచి వార్నిషు వాసన వస్తోంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. వాసనని బట్టి నాకు తెలిసింది."

"నాన్న ఏమీ అనలేదా?"

"మీ నాన్నకి ఇరవై ఆరేళ్ళు. వాళ్ళమ్మ ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషా? మళ్ళీ చేయిద్దాంలే అన్నారు."

చేయించలేదు. నాకు తెలిసి మా ఇంట్లో ఉన్నది స్టీలు బీరువా ఒక్కటే.

ఆ పెట్టె నాకు బాగా తెలుసు. నేను పెరిగిందంతా దాని చుట్టూనే. వేసవి సెలవులకి అత్తయ్య వాళ్ళింటికి వెళ్తే దొంగాట్లో దాని వెనకాలే దాక్కునేదాన్ని. మూత ఎత్తితే వట్టివేళ్ళ వాసన. కుడివైపు హంస ముక్కు రాసి రాసి నున్నగా చేసింది నేనే. "అత్తయ్యా, నా పెళ్ళికి ఈ పెట్టె నాకిచ్చేయవా?" అని అడిగేదాన్ని, అమ్మ ఎదురుగానే. అత్తయ్య నవ్వి "నీకు కాక ఎవరికే" అనేది. అమ్మ ఏ మొహం పెట్టేదో ఎంత గుర్తుచేసుకున్నా గుర్తు రావడం లేదు. నేను అటు చూసి ఉండను.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీ అత్తయ్యంటే నీకు ప్రాణం కదే. అయినా దానిదేం తప్పు? పదిహేడేళ్ళ పిల్ల. ఎడ్లబండిలో ఆ పెట్టె మూత మీద కూర్చుని ఏడుస్తూ వెళ్ళింది."

ఆ రాత్రి మా మేనత్త కొడుక్కి ఫోన్ చేశాను. అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. పెట్టె ఏదిరా అంటే, కొత్త ఇల్లు కట్టినప్పుడు పాత సామాన్లవాడికి ఇచ్చేశాం వదినా అన్నాడు. "అమ్మమ్మ చేయించింది కదా, మంచి చెక్క, బాగానే ఇచ్చాడు" అని కూడా అన్నాడు. వాడికి తెలిసింది అంతే. నేను కాదనలేదు. ఇప్పుడు ఇది చదివితే తెలుస్తుందేమో. వాడు ఇవన్నీ చదవడు.

ఆ పెట్టె నన్ను వదలక, ఇక్కడి పెట్టెల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నేను అమ్మకి మ్యూజియంలో చెప్పింది సగమే నిజమని తేలింది. వీటిని "డవర్ చెస్ట్" అని పిలవడం తర్వాతి కాలంలో సేకరించేవాళ్ళు మొదలుపెట్టిన అలవాటు. ఆ జర్మన్ రైతులు వాళ్ళ మాటలో "కిష్ట్" అనేవారు. మగపిల్లలకీ చేయించేవారు, మగపిల్లల పేర్లున్న పెట్టెలూ ఉన్నాయి. పెద్దపిల్లలయ్యే వయసుకి పెట్టె వచ్చేది, పెళ్ళి దాకా అది నిండుతూ ఉండేది. చెక్క అక్కడ దొరికేదే: పైన్, తులిప్ పాప్లర్, డబ్బున్న ఇంట్లో వాల్‌నట్. మూలల్లో పలకల అంచులు పావురం తోకల్లా కోసి ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టేవారు. జోన్స్‌టౌన్‌లో క్రిస్టియన్ సెల్ట్‌జర్ లాంటివాళ్ళు పూలకుండీల మీద సంతకాలు కూడా పెట్టారు. లోపల ఎడం పక్క అర దాదాపు ప్రతి పెట్టెలోనూ ఉంటుంది, కొన్నిట్లో దాని కింద దొంగ సొరుగులు కూడా.

వాళ్ళ దగ్గరా పట్టీలున్నాయి. పెళ్ళికి పిల్లలకిచ్చే సామానుని "ఔస్‌టైయర్" అంటారు. ఆవు, మంచం, పెట్టె, కుండలు, రాట్నం అన్నీ తండ్రి తన ఖాతాపుస్తకంలో ఖరీదుతో సహా రాసుకునేవాడు. వియ్యంకుడికి చూపించడానికి కాదు. రేపు ఆస్తి పంచేటప్పుడు ఏ బిడ్డకి ఎంత ముట్టిందో చూసి, కొడుకులకీ కూతుళ్ళకీ సరిచెయ్యడానికి. మనమూ పట్టీ రాశాం, వాళ్ళూ పట్టీ రాశారు. ఎవరి జేబులో పెట్టారన్నదే తేడా.

అలాగని వాళ్ళని ఆకాశానికెత్తక్కర్లేదు. పెట్టె మీద అంత అందంగా పేరు రాయించుకున్న ఆ పిల్ల పెళ్ళి పీట దిగేసరికి, చట్టం ప్రకారం ఆ పెట్టె మొగుడిదైపోయేది. ఇంగ్లీషు చట్టం అదే. పెళ్ళయిన ఆడదాని ఆస్తి ఆమెదేనని పెన్సిల్వేనియా 1848లో గానీ ఒప్పుకోలేదు. మన దగ్గర తిరకాసు ఇంకోలా ఉంది. స్త్రీధనం అనే మాట ధర్మశాస్త్రాల కాలం నుంచీ ఉంది. కట్నం కూడదని ఆంధ్రప్రదేశ్‌లో 1958లోనే చట్టం వచ్చింది, 1961లో దేశమంతటికీ వచ్చింది. అంటే అమ్మ పెళ్ళికి ముందే. ఇచ్చిన కానుకలకి పట్టీ రాసి ఉంచాలని 1985లో నిబంధనలు చేశారు. ఆ ఏడే సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో, స్త్రీధనం ఆవిడదే, అత్తారింట్లో ఉన్నంత మాత్రాన వాళ్ళదైపోదు, తిరిగివ్వకపోతే నమ్మకద్రోహం నేరమవుతుంది అని చెప్పింది. ఇక్కడ పెట్టె మీద పేరుంది, చట్టంలో లేదు. అక్కడ చట్టంలో ఉంది, పెట్టె మీద లేదు. మా అమ్మకి రెండూ పనికి రాలేదు.

2023లో మా అమ్మాయి పెళ్ళి కుదుర్చుకుంది. అబ్బాయి ఒహాయోవాడు, తెలుగువాడు కాదు. గరాజులో చెక్కలతో నీకు పెట్టె చేయిస్తానంటే దాని మొహం మారిపోయింది. "అమ్మా, అది డౌరీ కదా?" అంది. కాదే, కానుక అన్నాను. "తేడా ఏంటి?" అంది. మంచి ప్రశ్న. నేను పుట్టినప్పట్నుంచీ మనవాళ్ళు ఆ తేడాని మాటల్తో కప్పేయడమే చూశాను. పసుపుకుంకుమలంటారు, సారె అంటారు, మా ముచ్చట అంటారు. "అవతలివాళ్ళు అడగలేదు, వాళ్ళకి చెప్పను కూడా చెప్పను. నీ పేరు చెక్కిస్తాను. నువ్వు ఎక్కడికి పోతే అక్కడికి తీసుకుపో" అన్నాను. అది ఆలోచించి, "మరి తమ్ముడికి?" అంది. ఖాతాపుస్తకం తండ్రులు గుర్తొచ్చారు. మిగిలిన చెక్కతో వాడికి రాతబల్ల అని ఒప్పందమైంది. వాడికి అసలు ఏ బల్లా అక్కర్లేదు, అది వేరే సంగతి.

లాంకాస్టర్ వైపు ఒక ఆమిష్ వడ్రంగి దొరికాడు. వాళ్ళు ఊరి కరెంటు తీగ కార్ఖానాలోకి రానివ్వరు. బయట డీజిల్ ఇంజను తిరుగుతుంటే, ఆ గాలి ఒత్తిడితో లోపల యంత్రాలు నడుస్తాయి. మాట తక్కువ మనిషి. పలకల మీద గోరుతో గీసి, వేలితో కొట్టి విని, బాగా ఆరింది అన్నాడు. నవంబరు దాటాకే మొదలుపెడతానన్నాడు. వాళ్ళ పెళ్ళిళ్ళు పంటలయ్యాక, ఎక్కువగా మంగళ, గురువారాల్లో. ఆ ఏడు ఆయన కూతురిది కూడా ఉంది, దాని సామాను ముందు చెయ్యాలి. పెరట్లో సెలెరీ మడులు మామూలు కంటే ఎక్కువున్నాయి. పెళ్ళి భోజనంలో అది తప్పనిసరి, అందుకని ఏ ఇంట్లో పెళ్ళుందో మడులు చూసి కనిపెట్టేస్తారట. మా ఊళ్ళో ఆరబెట్టిన అప్పడాలు చూసి చెప్పేవారు.

పెట్టె వాల్‌నట్. అడుగు పలక తులిప్ పాప్లర్. లోపల పురుగు పట్టకుండా ఎర్ర సెడార్ పొర. నిజానికి అది దేవదారు కుటుంబం కాదు, జూనిపర్ జాతి. వాసన బావుంటుంది కాబట్టి ఎవరూ పేరు గురించి గొడవపడరు. మూడూ ఈ నేల చెట్లే. చెర్రీ కలిపి చెయ్యనా అని ఆయన అడిగాడు. చెర్రీ చెక్క ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడుతుంది, వాల్‌నట్ తేలికబడుతుంది. ఇప్పుడు పక్కపక్కన తేడాగా కనిపించేవి ముప్ఫయ్యేళ్ళకి దగ్గరవుతాయి అన్నాడు. పెళ్ళి సామానుకి మంచి మాటే గానీ, మా దగ్గర ఉన్నది అత్తగారి చెట్టు ఒక్కటే. మేకు మరక ఉన్న పలక పక్కకి పెట్టబోతే, అది మూతకి వెయ్యమన్నాను.

తాళం దగ్గర చిక్కొచ్చింది. వద్దన్నాడాయన. ఈ దేశంలో ఒకప్పుడు ప్రతి ఆడపిల్ల గదిలోనూ "హోప్ చెస్ట్" అని సెడార్ పెట్టె ఉండేది. ఒక పేరున్న కంపెనీ పెట్టెల మూత వేస్తే దానంతటదే తాళం పడేది. ఆడుకుంటూ లోపల దాక్కున్న పిల్లలు ఊపిరాడక చనిపోయారు. 1987కి ముందు చేసిన కోటీ ఇరవై లక్షల పెట్టెల తాళాలు మార్చాలని 1996లో ప్రకటన వచ్చింది. ఈ సంగతి వింటుంటే నా ఒళ్ళు జలదరించింది. అత్తయ్య పెట్టె వెనకాలే దాక్కున్నాను గానీ, ఖాళీగా ఉంటే లోపలే దూరేదాన్ని.

అమ్మకి ఫోన్ చేస్తే, "తాళం లేని పెట్టె పెట్టెటే? గంప" అంది. మా అమ్మాయికి తాళం వద్దు, "నేనేం దాచుకుంటాను?" అంటుంది. చివరికి వడ్రంగే దారి చూపించాడు. తాళంచెవి పెట్టి బయటి నుంచి తిప్పితే తప్ప పడని తాళం. మూత ఎక్కడ వదిలితే అక్కడ నిలిచిపోయే మడతబందులు. తాళంచెవులు రెండు ఇస్తానన్నాడు. ఒకటి చాలన్నాను.

ఇక పేరు. తెలుగులో చెక్కాలన్నాను. ఇంటిపేరు వద్దని అమ్మ ముందే చెప్పింది. పేరూ, 2024, అంతే. కాగితం మీద పెద్దగా అచ్చు తీసి ఇచ్చాను. ఆయన అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, ఏది పైవైపు అని అడిగాడు. పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. ఆయనది కాదు, కార్ఖానా పక్క కొట్లోంచి. తలకట్లు అక్షరంలో భాగమా, లేక కాగితం మీద గీతలా అని. గీతలనుకుని చిత్రిక పట్టేసి ఉంటే మా అమ్మాయి పేరు ఏమయ్యేదో! మన గుండ్రటి అక్షరాలు తాటాకుకి పుట్టినవంటారు. చెక్కలో ప్రతి వంపు దగ్గరా ఉలి నారకి అడ్డం పడుతుంది. ఒక్కో అక్షరానికి ఒక పూట పట్టిందని చెప్పాడు, ఫిర్యాదులా కాదు. కూలీ మాత్రం సరిగ్గా లెక్కవేశాడు.

2024 సెప్టెంబరులో అమ్మ వచ్చింది. పెట్టె చూసే ముందే, మిగిలిన చెక్కతో పీటలు చేయించమంది. ఆవిడ లెక్కలో పెళ్ళి పీటకి మేకు ఉండకూడదు. ఎంత ఎత్తుండాలి అని వడ్రంగి అడిగితే, నాలుగు వేళ్ళు కలిపి అడ్డంగా చూపించింది, బెత్తెడు. ఆయన తన నాలుగు వేళ్ళు కలిపి పక్కన పెట్టాడు. ఆయన చెయ్యి పెద్దది. అమ్మ చెయ్యి మీద కొలబద్ద పెట్టి చూసుకుని రాసుకున్నాడు. పలక కింద రెండు అడ్డపట్టీలు గాళ్ళలోకి తోసి బిగించాడు, ఒక్క మేకు లేదు. వాటి మీద ఎవరు కూర్చుంటారని అడిగాడు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అన్నాను. నేల మీదా? నేల మీదే. ఆయన మొదటిసారి నవ్వాడు.

పెట్టె ఇంటికి వచ్చిన రోజు అమ్మ ముందు పలక చూడలేదు. మూత ఎత్తి ఎడం పక్క అరలో చెయ్యి పెట్టి చూసింది. తర్వాత నేల మీద కూర్చుని, వేలు పెట్టి అక్షరాలు ఒక్కొక్కటీ దిద్దింది. మూత మీద మేకు మరక ఏమిటని అడిగితే చెప్పాను. "ఉండనీ, దిష్టి చుక్క" అంది.

అక్టోబరులో పెళ్ళి. మేనమామ గంపలో మోసుకురావాలని మా అమ్మాయి సరదాపడింది, మా తమ్ముడు ఆ తర్వాత వారం రోజులు నడుం పట్టుకుని తిరిగాడు. అప్పగింతల దగ్గర పంతులుగారు, తల్లిదండ్రులు అత్తమామల చేతుల్లో పిల్ల చెయ్యి పెట్టాలన్నారు. పెట్టాం. వియ్యపురాలు ఏడ్చేసింది, నేనే ఆవిడని ఊరుకోబెట్టాల్సి వచ్చింది. అదంతా అయ్యాక అమ్మ కర్ర పట్టుకుని వచ్చి, కొంగు ముడి విప్పి, తాళంచెవి తీసింది. నా చేతిలో పెట్టలేదు, వియ్యపురాలి చేతిలోనూ పెట్టలేదు. మనవరాలి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పైన తన చెయ్యి కాసేపు ఉంచింది. ఏమీ అనలేదు. ఫోటోగ్రాఫర్ మళ్ళీ ఒకసారి అలాగే చెయ్యండి అంటే "పోవయ్యా" అంది.

పెట్టె ఇప్పుడు కొలంబస్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో సోఫా ముందు ఉంటుంది. దాని మీద కాఫీ కప్పులు పెడుతున్నారు, గుండ్రటి మరకలు పడ్డాయి. నాకు కడుపు మండింది గానీ పైకి అనలేదు. లోపల దుప్పట్లు, బోర్డ్ గేములు, నేను పెట్టిన పట్టుచీరలు, అల్లుడి హాకీ బూట్లు కూడా ఉన్నాయని విన్నాను. తాళం ఎప్పుడూ వెయ్యరు.

మొన్న సంక్రాంతికి కాకినాడ నుంచి అమ్మ వీడియో కాల్‌లోకి వచ్చింది. నేను ఇటు, మా అమ్మాయి అటు. పెట్టె చూపించమంది. మా అమ్మాయి కప్పులు గబగబా తీసేసి మూత ఎత్తింది. అమ్మ దుప్పట్లు చూసింది, బూట్లు చూసి మూతి విరిచింది. తర్వాత, "ఆ చిన్న అరలో ఏం పెట్టావే?" అంది.

మా అమ్మాయి చెయ్యి అర మూత దాకా వెళ్ళి ఆగింది. "అది చెప్పను అమ్మమ్మా," అంది.

"మీ అమ్మకి?"

"అమ్మకి కూడా."

అమ్మ పళ్ళ సెట్టు కనబడేలా నవ్వింది. ఆ నవ్వు తగ్గాక, అక్కడ చలి ఎలా ఉంది, అల్లుడు పండక్కి అరిసెలు తిన్నాడా అని అడగడం మొదలుపెట్టింది.